వైఫై పాస్‌వర్డ్ బీరువాలో పెట్టి తాళం వేస్తే చదువు ఎట్ల వస్తుంది?



పోస్ట్ పెద్దదే. సగం చదివి కామెంట్ పెట్టకండి. మొత్తం చదివి, అప్పటికీ తిట్టాలనిపిస్తే తిట్టండి.

హాస్టళ్లలో వైఫై గురించి మన గ్రూప్‌లో మొన్న జరిగిన వాదన చూసే ఉంటారు. "అందరి చేతిలో ఫోన్ ఉండాది, రోజుకు ఒకటిన్నర జీబీ ఉండాది, ఇంకా వైఫై దేనికి?" అని ఒకరు. "వైఫై ఇస్తే పిల్లోళ్లు చెడిపోతారు" అని ఇంకొకరు. "మా ఇంటి వైఫై మా డబ్బుతో పెట్టించుకున్నాం, ఊరందరికీ ఎందుకియ్యాల?" అని ఉద్యోగం చేస్తున్న ఒక అన్న. వాళ్లందరికీ మా జవాబు ఇది.

మేమెవరమంటే, ముదిగుబ్బ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఫీజు ఎట్ల కట్టాల, వెబ్ ఆప్షన్ ఎట్ల పెట్టాల అని అడగడానికి మాకు ఇంట్లో ఎవరూ లేరు. చదువుకున్న నాయన ఉన్నోడికి ఇంటర్నెట్ లేకపోయినా దారి చెప్పే మనిషి ఉంటాడు. మాకు దారి చెప్పేది కూడా ఆ ఫోనే. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

"రీచార్జ్ చేసుకుంటే పోలా?"

లెక్క చూద్దాం. 2024 జులై మొదట్లో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 అయింది. నెల అంటారు గానీ అది 28 రోజులే, కాబట్టి సంవత్సరానికి 12 కాదు, 13 సార్లు వేయాల. 13 సార్లు 299 అంటే 3,887 రూపాయలు.

ఈ డబ్బు యాడ నుంచి వస్తుంది? ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26కు రోజుకు 307 రూపాయలు. అంటే ఒక రీచార్జ్ మా అమ్మలకు ఒక దినం కూలి. ఆ పథకంలో అప్పుడు ఇంటికి చెప్పిందే 100 రోజుల పని. అందులో 13 రోజులు ఎండలో మట్టి తవ్వేది ఒక పిల్లోడి డేటాకే పోతుంది. ఇంట్లో ఇద్దరు చదువుకుంటుంటే 26 రోజులు. వాన రాక శెనక్కాయ ఎండిపోయిన సంవత్సరం ఆ కూలి డబ్బే ఇంటికి దిక్కని మన జిల్లావాళ్లకు వేరే చెప్పాల్నా?

పోనీ ఆ ఒకటిన్నర జీబీ ఎంత సేపు వస్తుంది? మామూలు క్వాలిటీలో ఒక గంట వీడియో పాఠం చూస్తే అరజీబీ పైనే అయిపోతుంది. అంటే మూడు గంటలు కూడా రాదు. అందులోనే పీడీఎఫ్‌లు, మాక్ టెస్టులు, అప్లికేషన్లు, ఇంటికి వీడియో కాల్. పరీక్షల ముందు రోజు రాత్రి ఎనిమిదికే "మీ డేటా అయిపోయింది" అని మెసేజ్ వస్తే, మిగతా రాత్రి ఎవరి హాట్‌స్పాట్ దొరుకుతుందా అని రూములు తిరగాల. హాట్‌స్పాట్ ఇచ్చినోడి ఫోన్ వేడెక్కి, బ్యాటరీ దిగిపోయి, వాని డేటా కూడా అరగంటలో ఖాళీ. ఒకరి కొరత నలుగురం పంచుకోవడం అది. దాన్ని చూపించి "పిల్లోళ్లు సర్దుకుంటారులే" అనొద్దు.

ఇప్పుడు రెండో లెక్క. ఇంటికి వచ్చే ఫైబర్ లైన్‌లో 30 ఎంబీపీఎస్ ప్లాన్ 2020 నుంచి 399 రూపాయలకు ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 471. ఒక రూములో ఆరుగురం ఉంటే మనిషికి నెలకు 79 రూపాయలు కూడా పడదు. నెలకు 3,300 జీబీ దాకా వాడుకోవచ్చు. అంటే రోజుకు 110 జీబీ. ఆరుగురం రాత్రింబగళ్లు చదివినా అయిపోదు.

ఫోన్లో కాల్స్‌కి, ఓటీపీలకి రీచార్జ్ ఎట్లాగూ కావాల గదా అంటారా? కావాల. అయితే డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే ప్యాక్ పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలను ఆదేశించింది. 2025 జనవరి నుంచి అట్లాంటి ప్యాక్‌లు వచ్చినాయి. వైఫై ఉన్నోడికి ఆ ప్యాక్ చాలు. వైఫై లేనోడు డేటా ప్యాక్ కొనక తప్పదు. తక్కువ డబ్బు ఉన్నోడే ఎక్కువ కట్టాల్సి వస్తోంది.

వంద మంది హాస్టల్ లెక్క

"రూముకు సరే, వంద మంది హాస్టల్‌కు ఒక లైన్ చాలుతుందా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 30 ఎంబీపీఎస్ చాలదు. అయితే వంద మందీ ఒకే నిమిషంలో వీడియో చూడరు. రాత్రి స్టడీ అవర్‌లో నలభై మంది ఒకేసారి చూసినారనుకుందాం. ఒక్కొక్కరికి ఒకటి, ఒకటిన్నర ఎంబీపీఎస్ పడుతుంది. మొత్తం అరవై. 100 ఎంబీపీఎస్ లైన్ ఒకటి ఉంటే సరిపోతుంది. ఇళ్లకు ఇచ్చే రేటులో ఆ ప్లాన్ 699, జీఎస్టీతో 825. సంస్థలకు ఇంటి రేటు ఇయ్యరు, ఎక్కువ అడుగుతారు అంటే రెండింతలు వేసుకోండి. 1,650. వంద మందికి పంచితే మనిషికి నెలకు 16 రూపాయల 50 పైసలు. అదే వంద మందీ విడివిడిగా రీచార్జ్ చేసుకుంటే 28 రోజులకు 29,900 రూపాయలు!

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 1,650 ఒక పక్క, 29,900 ఇంకో పక్క. ఆ తేడా కడుతున్నది ప్రభుత్వం కాదు. కూలికి పోయే మన అమ్మానాయన.

ఇంటికి ఇచ్చే మామూలు రూటర్ ఇరవై ముప్పై ఫోన్లు దాటితే తడబడుతుంది, అది నిజమే. కాబట్టి ఆ లైన్‌కి వరండాకు ఒకటి, స్టడీ హాల్‌కు ఒకటి చొప్పున మూడు నాలుగు యాక్సెస్ పాయింట్లు తగిలించాల. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి కొంచెం దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ అడ్డమొస్తే తగ్గిపోతుంది. స్టడీ హాల్లో 5, రూముల వైపు 2.4 పెడితే సరిపోతుంది. కరెంటు పోతే రూటర్ ఆగిపోకుండా చిన్న బ్యాటరీ బాక్స్ ఒకటి. ఇదేమీ రాకెట్ కాదు. మన పిల్లోళ్లలో ఐటీఐ, పాలిటెక్నిక్ చేసినోళ్లు ఒక్క పూటలో బిగించేస్తారు.

మరి మాకు తెలిసిన హాస్టళ్లలో ఏం జరుగుతోంది? పేర్లు చెప్పం, చెప్తే అక్కడున్న పిల్లోళ్లకు ఇబ్బంది. ఒక చోట లైన్ ఉంది, రూటర్ ఉంది. ఆ రూటర్ ఆఫీసు రూములో ఇనుప బీరువా వెనకాల ఉంది. ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుందని తెలిసి పెట్టినారో తెలియక పెట్టినారో గానీ, వరండాలోకి కూడా సిగ్నల్ రాదు. పాస్‌వర్డ్ అడిగితే "ఆఫీసు పనికి మాత్రమే" అంటారు. నెలనెలా బిల్లు మాత్రం హాస్టల్ పేరు మీదే పోతుంది. ఆ హాస్టల్ ఎవరి కోసం కట్టినారు?

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలోనే చెప్పేసింది. గాలిలో పోయే దానికి 20 సంవత్సరాల కిందటే తాళం తీసేసినారు. మన పిల్లోళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బీరువా తాళం వేస్తున్నారు.

"పిల్లోళ్లు చెడిపోతారు"

ఈ మాట మాకు కొత్త కాదు. మన నాయనలను బడికి పంపొద్దన్నప్పుడూ ఇదే చెప్పినారు. అక్కలను పట్నం హాస్టల్‌కి పంపొద్దన్నప్పుడూ ఇదే చెప్పినారు. పట్నంలో పెద్ద ఇంటి పిల్లోడు రూములో తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే "కోచింగ్ తీసుకుంటున్నాడు" అంటారు. మన పిల్లోడు స్టడీ హాల్లో ఫోన్ పట్టుకుంటే "రీల్స్ చూస్తున్నాడు" అంటారు.

రీల్స్ చూడరా? చూస్తారు. రీచార్జ్ డేటాతో కూడా చూస్తారు. రీల్స్‌కి ఒకటిన్నర జీబీ చాలు. చాలనిది పాఠానికే. డేటా తక్కువైనప్పుడు ఎవరైనా మొదట మానేది పెద్ద వీడియో పాఠం, చివరికి మానేది చిన్న చిన్న వీడియోలు. వైఫై లేకుండా చేసి మీరు ఆపింది చదువుని, రీల్స్‌ని కాదు.

ప్రభుత్వమే అన్నీ ఆన్‌లైన్ చేసింది. డిగ్రీ అడ్మిషన్ ఆన్‌లైన్. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు ఆన్‌లైన్. స్కాలర్‌షిప్ అప్లికేషన్, ఈ-కేవైసీ, హాల్ టికెట్, రిజల్ట్, ఉద్యోగ నోటిఫికేషన్ అన్నీ ఆన్‌లైన్. 2017 జులైలో మొదలైన స్వయం పోర్టల్‌లో కోర్సులు చేస్తే డిగ్రీ క్రెడిట్లలో 40 శాతం దాకా కలుపుకోవచ్చని 2021లో యూజీసీ రూల్ తెచ్చింది. పరీక్ష, ఫీజు, సీటు అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టి, ఇంటర్నెట్ మాత్రం పిల్లోడు సొంతంగా కొనుక్కోవాలంటే ఏమన్నట్టు? భోజనం పెట్టి చెయ్యి కట్టేసినట్టు కాదా?

కేసు సంగతి కూడా చెప్తాం, ఎందుకంటే చాలామందికి తెలియదు. కేరళలో కోజికోడ్ దగ్గర కాలేజీ హాస్టల్లో ఫహీమా షిరిన్ అనే బీఏ విద్యార్థిని ఉండేది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఆడపిల్లలు ఫోన్ వాడకూడదని హాస్టల్ రూల్ పెట్టింది. ఆమె ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి వెళ్లగొట్టినారు. ఆమె హైకోర్టుకు పోయింది. 2019 సెప్టెంబర్ 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు ఇచ్చినారు. ఇంటర్నెట్ అందుబాటు అనేది చదువుకునే హక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రైవసీ హక్కులోనూ భాగమని చెప్పి, ఆ అమ్మాయిని మళ్లీ హాస్టల్లో చేర్చుకోమన్నారు. కేరళ తీర్పు మన రాష్ట్రంలో తప్పనిసరి కాకపోవచ్చు. కానీ మన వార్డెన్ సార్లకు, మన అధికారులకు చూపించడానికి చాలా గట్టి కాగితం. ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. మగపిల్లల హాస్టల్లో ఎట్లోకట్ల హాట్‌స్పాట్ నడుస్తుంది. ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం అయ్యేసరికి ఫోన్లు తీసి పెట్టేస్తారు. గేటు దాటి నెట్ సెంటర్‌కు పోనీరు. మరి చెల్లెలు అప్లికేషన్ ఎట్ల పెట్టాల? వైఫై లేకపోతే నష్టం అందరికీ సమానం కాదు. ఆడపిల్లలకు రెండింతలు.

"ఎవడో తప్పు చేస్తే కేసు ఎవరి మీద?"

వార్డెన్లు, ఇంటివాళ్లు చెప్పే మాటల్లో కొంచెం బలం ఉన్నది ఇదొక్కటే. ఒకే కనెక్షన్ మీద పది మంది ఉంటే, ఒకడు తప్పుడు పని చేసినప్పుడు మొదట ప్రశ్న వచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. అందుకే ఏ హద్దూ లేకుండా తెరిచి పెట్టమని మేం చెప్పడం లేదు. ఆఫీసు నెట్‌వర్క్ వేరు, పిల్లోళ్ల గెస్ట్ నెట్‌వర్క్ వేరు పెట్టొచ్చు. పాస్‌వర్డ్ నెలకోసారి మార్చొచ్చు. ఏ ఫోన్ ఎప్పుడు కలిసిందో రాసుకోవచ్చు. ఒక్కో ఫోన్‌కి ఎంత వేగం పోవాలో హద్దు పెట్టే సౌకర్యం చాలా రూటర్లలో ఉంటుంది.

అంతకంటే మంచి దారి చట్టంలోనే ఉంది. దాని పేరు పీఎం-వాణి. 2020 డిసెంబర్ 9న కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పథకం. పాతకాలం ఎస్‌టీడీ బూత్ గుర్తుందా? దాదాపు అట్లాంటిదే. చిల్లర అంగడి, టీ అంగడి, ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీస్ పెట్టొచ్చు. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజు లేదు. వాడేవాళ్లు యాప్‌లో ఓటీపీతో లోపలికి వస్తారు. కాబట్టి ఎవరు వాడినారో తెలుస్తుంది. కేసు భయం ఉన్న సార్లకు జవాబు ఇదే.

మామూలు ఇంటి కనెక్షన్ తీసుకుని ఊరందరికీ డబ్బులకు అమ్మడం కంపెనీ రూల్స్‌కి విరుద్ధం, అది చేయొద్దు. పీఎం-వాణి అయితే రూల్ ప్రకారమే పంచొచ్చు. ఇంతకుముందు కంపెనీలు ఈ బూత్‌లకు ఖరీదైన లీజ్డ్ లైన్ తీసుకోమనేవి. 2025 జూన్‌లో ట్రాయ్ దానికి ముకుతాడు వేసింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి ప్లాన్లను, ఇంటివాళ్లకు ఇచ్చే రేటుకు రెండింతలు మించకుండా ఈ బూత్‌లకు ఇవ్వాలని చెప్పింది. మేం పైన 1,650 అని వేసిన లెక్క ఉత్తుత్తి లెక్క కాదు, ఈ రూల్ ప్రకారం వేసిందే.

2018 టెలికాం పాలసీలో 2022కల్లా దేశమంతా కోటి పబ్లిక్ వైఫై పాయింట్లు పెడతామని రాసుకున్నారు. 2024 చివరికి పీఎం-వాణి కింద వచ్చినవి రెండు లక్షల చిల్లర. మిగతావి యాడ పోయినాయి? అడిగే మనిషి లేక కాగితంలోనే ఉండిపోయినాయి.

లైన్ పంచాయతీ దాకా, తండా దాకా కాదు

2011లో దేశంలోని పంచాయతీలన్నిటికీ ఫైబర్ అన్నారు. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టినారు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించినారు. నెలకు 149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. ఇప్పుడు ఆ రేటు లేదు. సరే, రేటు సంగతి పక్కన పెట్టండి. లైన్ యాడిదాకా వచ్చింది?

పంచాయతీ ఆఫీసు దాకా. మన తండాలు చాలా వరకు పంచాయతీలు కావు, పెద్ద ఊరికి శివారు. తెలంగాణలో 2018లో వెయ్యికి పైగా తండాలను, గూడేలను పంచాయతీలు చేసినారు. మన జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు కాబట్టి ఏజెన్సీ లెక్కలో వచ్చే టవర్లు, నిధులు కూడా మన దాకా రావు. ఊరోళ్ల లెక్కలో మనం తండావాళ్లం, ప్రభుత్వం లెక్కలో మైదానం వాళ్లం. రెండు పక్కలా మనకే కోత.

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ని మార్చి 1,39,579 కోట్లు కేటాయించింది. అందులో పంచాయతీ కాని ఊర్లకు కూడా లైన్ ఇస్తామని ఉంది. ఎట్ల ఇస్తారు? అడిగితే ఇస్తారు. "డిమాండ్ మీద" అనే రాసినారు. 2024 అక్టోబర్ 2న మొదలైన ధర్తీ ఆబా పథకంలో 63 వేల గిరిజన ఊర్లకు చెయ్యాల్సిన 25 పనుల్లో సిగ్నల్, ఇంటర్నెట్ సంగతి కూడా ఉంది. అడిగితేనే వచ్చేదాన్ని మన తండాల్లో ఎన్ని అడిగినాయి? గ్రామసభలో రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, గుడికి అడుగుతాం. లైన్ అడిగినోడు ఉన్నాడా?

మన ఇంటి పాస్‌వర్డ్

చివరిది, మనలో మనకు. ప్రభుత్వాన్ని తిట్టడం సులభం. తండాలో టీచర్ అన్న ఇంట్లో, కండక్టర్ మామ ఇంట్లో ఫైబర్ ఉంది. ఇంట్లో నలుగురు. పొద్దునంతా డ్యూటీలో ఉంటారు. ఆ లైన్ ఖాళీగా పడి ఉంటుంది. పక్కింట్లో మన పిల్లది నీట్‌కి చదువుతూ సిగ్నల్ కోసం మిద్దెక్కుతుంది.

అన్నా, మన అనంతపురం సీమలో బోరు నీళ్ల విలువ తెలియనోడు లేడు. బోరులో నీళ్లు పక్క చేనుకు ఇస్తే నీ నీళ్లు తగ్గుతాయి. అయినా పైరు ఎండిపోతుంటే ఒక తడి ఇచ్చేవాళ్లు మనలో ఉన్నారు. ఇంటర్నెట్ అట్ల తగ్గేది కాదు. ఈ గంటలో వాడని వేగం రేపటికి మిగలదు, ఆవిరై పోతుంది. అది ఇయ్యడానికి నీకేం నష్టం?

డబ్బులు తీసుకోవద్దు, ఊరందరికీ ఇయ్యొద్దు, గేటు తెరిచి పెట్టొద్దు. నీకు తెలిసిన ఇద్దరు ముగ్గురు చదువుకునే పిల్లోళ్లను పిలిచి నీ వరండాలో రెండు గంటలు కూర్చోమను. గెస్ట్ పాస్‌వర్డ్ ఇయ్యి. పరీక్షలు అయినాక మార్చెయ్యి. నువ్వు ఉద్యోగం తెచ్చుకున్నది ఈ జాతికి ఉన్న రిజర్వేషన్ మీదే గదా. ఆ రిజర్వేషన్ కోసం కొట్లాడినోళ్లు "మా కష్టం మాకే" అనుకుని ఉంటే నీ ఇంట్లో ఆ రూటర్ లైటు వెలిగేదా?

మేం అడిగేది ఇంతే:

1. ప్రతి గిరిజన హాస్టల్లో స్టడీ హాల్‌కు వైఫై. లైన్ ఉన్నచోట పాస్‌వర్డ్ నోటీస్ బోర్డ్ మీద. చూసుకోవడానికి వార్డెన్‌తో పాటు ఇద్దరు విద్యార్థులు, అందులో పెద్ద క్లాస్ వాళ్లు ఒకరు.

2. మగపిల్లల హాస్టల్‌కు ఎన్ని గంటలు ఇస్తే ఆడపిల్లల హాస్టల్‌కు అన్ని గంటలు. ఒక నిమిషం తగ్గినా ఒప్పుకోం.

3. వచ్చే గ్రామసభలో ప్రతి తండా నుంచి ఒకటే తీర్మానం: భారత్‌నెట్ లైన్ తండా దాకా, బడి దగ్గరో అంగన్‌వాడీ దగ్గరో ఒక పీఎం-వాణి పాయింట్. తీర్మానం రాసిన పేజీ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి.

4. ఫైబర్ ఉన్న ప్రతి ఉద్యోగి ఇంట్లో ఇద్దరు పిల్లోళ్లకు చోటు.

కామెంట్‌లో "సూపర్ తమ్ముడు", "జై" అని పెట్టొద్దు. మీ హాస్టల్లో ఎంతమంది పిల్లోళ్లు, లైన్ ఉందా లేదా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఈ మూడు మాటలే రాయండి. హాస్టల్ పేరు, మనుషుల పేర్లు వద్దు, మండలం చాలు. యాభై మండలాల లెక్క వస్తే కాగితం చేసి జిల్లా అధికారుల దగ్గరికి అందరం కలిసి పోదాం. మాకు ఎవరి దయా వద్దు. మా పేరు మీద బిల్లు కడుతున్న లైన్ మాకు ఇయ్యండి, చాలు.

జై సేవాలాల్! జై భీమ్!

— ముదిగుబ్బ మండలం తండాల హాస్టల్ విద్యార్థులం